అన్నయ్యగారి స్టెంటు గురించి

చి.సౌ. సుధకు, అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మీ మామగారి ఎమ్మార్సీపీ (పిత్తనాళాల ఎమ్మారై స్కాన్) రిపోర్టు రెండుసార్లు చదివాను. గడ్డ కుడి, ఎడమ పిత్తనాళాలు కలిసేచోట పుట్టి రెండు వైపులా లోపలిదాకా పాకింది. బిస్మత్ 4 (గడ్డ ఎంత పాకిందో చెప్పే నంబరు) అని రాసింది అందుకే. కాలేయం ఎడమ లోబ్ కుంచించుకుపోయింది, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరను గడ్డ చుట్టేసింది. ఇన్ని ఉన్నప్పుడు సర్జన్లు ఆపరేషన్ కుదరదనడం సబబే. ఇంకొకరి అభిప్రాయం కావాలనుకుంటే స్టెంటు పడకముందే, ఈ వారంలోనే అడగండి. మెటల్ స్టెంటు పడ్డాక స్కానూ సరిగా కనపడదు, ఆపరేషనూ మరింత కష్టం.

ఇంట్లో అందరికీ ముందు ఒక సంగతి తెలియాలి. ఈ స్టెంటు క్యాన్సర్‌కి మందు కాదు. పైత్యరసం కిందికి దిగడానికి దారి, అంతే. వదినగారు గుండె స్టెంటులాగా ఒకసారి వేస్తే జీవితాంతం ఉంటుందనుకుంటున్నట్టున్నారు. ఇది మూసుకుపోతుంది, మళ్లీ తెరవాల్సి వస్తుంది. అయినా ఎందుకు వెయ్యాలంటే, దురద తగ్గుతుంది, తిండి సయిస్తుంది, ఇన్ఫెక్షన్ అదుపులో ఉంటుంది. కామెర్ల కొలత బిలిరుబిన్ 18 ఉండగా జెమ్‌సైటాబిన్, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మొదలుపెట్టరు కూడా.

డాక్టరుగారిని నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న ఏ కంపెనీ స్టెంటని కాదు, కాలేయంలో ఎంత భాగం నుంచి పైత్యం దిగబోతోందని. సగానికి పైగా దిగితేనే ఫలితం నిలుస్తుంది. మామూలుగా కుడి లోబ్ ఒక్కటే కాలేయంలో సగం కంటే కొంచెం ఎక్కువ. అన్నయ్యగారికి ఎడమది ఎండిపోయింది కాబట్టి అందులో గొట్టం పెట్టి లాభం లేదు. కుడివైపే చూడాలి. అక్కడ ముందు, వెనక శాఖలు విడిపోయి ఉంటే రెండు స్టెంట్లు పట్టొచ్చు. ఇంకో జాగ్రత్త ఉంది. పైత్యం దిగే దారి ఏర్పాటు చెయ్యలేని శాఖలోకి ఎక్స్‌రే డై ఎక్కిస్తే అక్కడ చీము పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందే ఎమ్మార్సీపీ చూసి, వైరు ఎటు పోవాలో నిర్ణయించుకుని మొదలుపెడతారు.

దారులు రెండు. నోట్లోంచి పక్కకు చూసే ఎండోస్కోప్ పంపి, చిన్నపేగు మొదట్లో పిత్తనాళం తెరుచుకునే చోటినుంచి సన్నటి వైరు గడ్డను దాటించి, దానిమీదుగా స్టెంటు తోయడం ఈఆర్‌సీపీ. పక్కటెముకల మధ్య నుంచి సూదితో కాలేయంలోకి వెళ్లి గొట్టం పెట్టడం పీటీబీడీ. బిస్మత్ 4లో ఈఆర్‌సీపీ ఒక్కటే చాలకపోవచ్చు. రెండూ చేసే చోటే చేరండి. మొదటిది కుదరకపోతే అదే అడ్మిషన్‌లో రెండోది అయిపోవాలి. సగంలో ఆపి ఇంటికి పంపితే డై వెళ్లిన చోట ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

ముందురోజు ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష) చూపించండి. పైత్యం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటబట్టదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తారు. ఆయన వేసుకునే క్లోపిడోగ్రెల్ (రక్తం పలచన చేసే మాత్ర) ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, మీరు ఆపొద్దు. ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. యాంటీబయాటిక్ ముందే పడాలి. పాంక్రియాస్ వాపు రాకుండా డైక్లోఫినాక్ 100 మిల్లీగ్రాములు మలద్వారంలో పెడతారు. కిడ్నీ బాగాలేకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి.

ప్లాస్టిక్ స్టెంటు మామూలుగా పదో ఫ్రెంచ్ సైజు, అంటే 3.3 మిల్లీమీటర్లు. బాక్టీరియా పొర కట్టి, మడ్డి పేరుకుని, సుమారు మూడు నెలల్లో మూసుకుపోతుంది. మెటల్‌ది సన్నటి గొట్టంలో ముడుచుకుని లోపలికి వెళ్లి 8 లేదా 10 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది, ఎక్కువకాలం పనిచేస్తుంది. ఈ చోట తొడుగు లేని జాలీ రకమే వేస్తారు, తొడుగున్నది పక్క శాఖల నోళ్లు మూసేస్తుంది. జాలీ కన్నాల్లోంచి గడ్డ లోపలికి పెరుగుతుంది, దాన్ని తీయడం కుదరదు, లోపలినుంచి ఇంకోటి వేస్తారు. అందుకే క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలేదాకా జాలీ స్టెంటుకు ఒప్పుకోకండి. నాళాన్ని బ్రష్‌తో గీకి చేసే పరీక్షలో క్యాన్సర్ కణాలు దొరకలేదన్నా గడ్డ మంచిదని కాదు, అది చాలాసార్లు తప్పుతుంది. ఆరోగ్యశ్రీలో చేయిస్తుంటే ప్యాకేజీలో మెటల్ స్టెంటు ఉందో లేదో ముందే ఆరోగ్యమిత్రను అడుగు, టేబుల్ మీద పడుకోబెట్టాక కాదు.

అయిన రోజు రాత్రి పై కడుపులో నొప్పి పుట్టి వీపులోకి పాకితే పాంక్రియాస్ వాపు అయ్యుండొచ్చు, డ్యూటీ డాక్టర్ని లేపండి. అంతా బాగుంటే దురద కొద్దిరోజుల్లో తగ్గుతుంది, మలం రంగు తిరిగొస్తుంది. కళ్లలో పసుపు మాత్రం నెమ్మదిగా పోతుంది, కొంత బిలిరుబిన్ రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని వారాలపాటు ఉండిపోతుంది. దానికి కంగారుపడొద్దు. వారం పది రోజులకు బిలిరుబిన్ బాగా దిగకపోతే మాత్రం అడగాలి. స్టెంటు సరిగా విచ్చుకోలేదా, చాలినంత కాలేయం నుంచి పైత్యం దిగడం లేదా అని చూస్తారు.

పీటీబీడీ గొట్టానికి తగిలించిన బయటి సంచీతో ఇంటికి వస్తే రోజుకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల పైత్యం పోవచ్చు. దానితో ఉప్పూ నీరూ పోతాయి. కొలిచి రాయండి, ఓఆర్ఎస్ తాగించండి. సంచి నడుము కంటే కిందే ఉండాలి, సగం నిండగానే ఒంపాలి. సెలైన్‌తో కడగమంటే 5 నుంచి 10 మిల్లీలీటర్లు మెల్లగా లోపలికి తోయాలి, వెనక్కి లాగకూడదు. లాగితే పేగులోని మురికి నాళంలోకి వస్తుంది. రక్తం కనిపించినా, ఉన్నట్టుండి రావడం ఆగినా, గొట్టం పక్కనుంచి కారినా అదేరోజు ఫోన్ చెయ్యాలి.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది జ్వరం. 100.4 దాటినా, జ్వరం లేకుండా ఒళ్లు గజగజ వణికినా, మూత్రం మళ్లీ ముదురు రంగుకి తిరిగినా స్టెంటు మూసుకుపోయిందనే అనుకోవాలి. పెద్దవయసు వాళ్లకి ఒక్కోసారి జ్వరమే ఉండదు, మాట తడబడుతుంది, మత్తుగా ఉంటారు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. నాళంలో చీము రక్తంలోకి ఎక్కడానికి కొన్ని గంటలు చాలు. కీమో నడుస్తుంటే ఇంకా ప్రమాదం. బ్లడ్ కల్చర్ తీసి, నరంలో యాంటీబయాటిక్ ఇచ్చి, ఒకటి రెండు రోజుల్లో దారి తెరవాలి. మందు ఒక్కటే చాలదు. ఖమ్మం నుంచి హైదరాబాదు చేరేసరికి నాలుగు గంటలు పడుతుంది కదా, యాంటీబయాటిక్ మొదలుపెట్టి పంపగల ఆస్పత్రి ఊళ్లో ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోండి. డిశ్చార్జి కాగితం మీద ఏ రకం స్టెంటు, ఎంత పొడవు, కాలేయం ఏ వైపు, ఏ తేదీ అని రాయించుకుని, ప్యాకెట్ స్టిక్కర్ అంటించి, ఫోటో అల్లుడి ఫోన్లోనూ ఉంచండి. ప్లాస్టిక్‌దైతే మార్చే తేదీ క్యాలెండర్లో గుర్తుపెట్టుకో. బాగానే ఉన్నారుగా అని వాయిదా వేసినవాళ్లే ఎక్కువగా జ్వరంతో తిరిగొస్తారు.

స్టెంటు పడేలోగా దురదకి సిట్రిజిన్ పెద్దగా పనిచెయ్యదు, నిద్ర పడుతుందంతే. కొలెస్టిరమిన్ పొడి కూడా పైత్యం కొంతైనా పేగులోకి వస్తేనే పనిచేస్తుంది, మిగతా మందులకు దూరంగా వేసుకోవాలి. నొప్పి మొదలైతే మార్ఫిన్‌కి భయపడకండి. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. మార్ఫిన్ మొదలైన రోజునుంచే విరేచనం సాఫీగా అయ్యే మందూ ఉండాలి.

తిండి విషయంలో ఉప్పులేని చప్పిడి పథ్యం పెట్టొద్దు. సంచిలో ఉప్పు పోతున్న మనిషి అలా అయితే పడిపోతాడు. పప్పు, గుడ్డు, పెరుగు కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. పసరు మందు వద్దు. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. ఇక్కడ నాళమే మూసుకుపోయింది, పసరు ఆ గడ్డను కదిలించలేదు, పైగా కాలేయానికి ఇంకో బరువు. ఈ మాట వదినగారితో నువ్వు అనకు, కోడలు అడ్డుపడిందనుకుంటారు. అల్లుడిచేత చెప్పించు.

అమ్మ