ముప్పై ఏళ్ల మనిషికి ‘అయిదేళ్ల బుద్ధి’ ఎలా ఉంటుంది?

సంపాదకులకు,

మేధో వైకల్యం ఉన్నవారి గురించి వార్త రాస్తే ఒక వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటోంది: ‘వయసు 30, బుద్ధి మాత్రం అయిదేళ్ల పిల్లాడిది.’ జాలిపడి రాసిన మాటే కావచ్చు. ఎదుగుదల వైకల్యాలున్నవారితో పనిచేసే సైకాలజిస్టులకు మాత్రం ఈ వాక్యం తెచ్చిపెట్టే చిక్కు అంతా ఇంతా కాదు. అందుకే ఈ ఉత్తరం.

‘మానసిక వయసు’ లెక్క బడిపిల్లల కోసం పుట్టింది. 1908లో ఫ్రాన్స్‌లో బినే, సైమన్ తమ ప్రశ్నలను వయసులవారీగా అమర్చారు. పిల్లాడు ఏ వయసు ప్రశ్నల దాకా జవాబు చెప్పగలిగితే అదే అతని మానసిక వయసు. దాన్ని అసలు వయసుతో భాగించే పద్ధతి 1912లో జర్మన్ సైకాలజిస్టు స్టెర్న్ చెప్పాడు. పెద్దలకు ఆ భాగహారం పనికిరాదని 1939లో అమెరికా సైకాలజిస్టు వెక్స్‌లర్ దాన్ని పక్కన పెట్టేశాడు. అప్పటినుంచి ఐక్యూ అంటే అదే వయసువారితో పోలిక: సగటు 100, ఒక్కో మెట్టు 15. రెండు మెట్లు కిందికి దిగితే 70, మేధో వైకల్యానికి చూసే గీత దాదాపు అక్కడే. అందులోనూ అటూ ఇటూ అయిదు పాయింట్ల తేడా మామూలే. ఈ లెక్కలో అయిదేళ్ల పిల్లాడు ఎక్కడా లేడు.

పోనీ ఆ అంకైనా సరిగ్గా వస్తుందా? సెరిబ్రల్ పాల్సీతో చేతులు సాగని వ్యక్తికి గడియారం పెట్టి దిమ్మెలు పేర్పిస్తే, కొలిచింది చేతి వేగమే. వినికిడి చూపించకుండా మాటల పరీక్ష పెడితే చెవిని కొలిచినట్టు. పైగా చాలా పరీక్షలు 40 దగ్గర ఆగిపోతాయి. అంతకన్నా తక్కువ ఉన్నవారి మధ్య తేడాలు వాటికి కనిపించవు. కనుకనే 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం), వైకల్యం తీవ్రతను ఐక్యూతో కాకుండా రోజువారీ జీవితంతో నిర్ణయించమంది. చదువు-లెక్క-ఆలోచన ఒకటి, మనుషులతో మెలగడం ఒకటి, సొంత పనులు ఒకటి. రోజువారీ పనులను కొలిచే వైన్‌ల్యాండ్ వంటి ప్రశ్నావళిలో ఒక్కో పనికి మామూలుగా చేస్తుంటే 2, అప్పుడప్పుడు చేస్తే 1, చేయకపోతే 0 వేస్తారు. అక్కడ అడిగేది ‘చేయగలరా’ అని కాదు, ఎవరూ చెప్పకుండా, సాయం పట్టకుండా ‘చేస్తున్నారా’ అని. ఇరవై ఏళ్లుగా అమ్మే బొత్తాలు పెడుతుంటే అక్కడ సున్నా పడుతుంది. ఆ సున్నా లోపమా, అలవాటా అన్నది మళ్లీ విడిగా చూసుకోవాలి.

‘అయిదేళ్ల బుద్ధి’ అనుకున్న ఇంట్లో ఏం జరుగుతుంది? కొట్టుకున్నా కొరికినా ‘మారాం’ అనేస్తారు. వైకల్యం పేరు చెప్పి అసలు బాధను కప్పేయడం వైద్యుల్లోనూ ఉంది. మాట రాని వ్యక్తి నాలుగు వారాలుగా కొత్తగా చెంప మీద కొట్టుకుంటున్నాడంటే ముందు చూడాల్సింది పన్ను, చెవి, మలబద్ధకం, ఛాతీలో మంట, ఆడవారికైతే నెలసరి నొప్పి. ఆ తర్వాత మూర్ఛ, నిద్ర, ఈమధ్య మార్చిన మందులు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్, వినికిడి, నిద్రలో ఊపిరి ఆగడం తప్పక చూపించాలి. అల్జీమర్స్‌తో ముడిపడిన ఒక జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంటుంది, వీరికి ఆ క్రోమోజోమే ఒకటి అదనం కాబట్టి ఆ జన్యువుకు మూడు ప్రతులు ఉంటాయి. మతిమరుపు త్వరగా రావచ్చు కాబట్టి 35 ఏళ్లలోపే ‘ఏయే పనులు వచ్చు’ అని రాసిపెట్టుకుంటే, తర్వాత తగ్గిందో లేదో పోల్చడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఒంట్లో బాధ లేదని తేలాకే ప్రవర్తన లెక్క. రెండు వారాలు ఒక కాగితం మీద మూడు గడులు గీసి రాయాలి: దానికి ముందు ఏమైంది, ఏం చేశారు, వెంటనే ఏమైంది. ‘కోపం తెచ్చుకున్నాడు’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ‘కుడి అరచేత్తో చెంప మీద ఆరుసార్లు’ అని రాస్తే లెక్కపెట్టవచ్చు. ఏమీ జరగని గంటలు కూడా రాయాలి. చాలామంది వదిలేసేది అదే. కాగితం నిండాక సాధారణంగా నాలుగు కారణాల్లో ఒకటి బయటపడుతుంది: ఎవరైనా పలకాలి, ఏదైనా వస్తువు కావాలి, పని తప్పాలి, లేదా ఆ చర్య ఒంటికే హాయిగా ఉంది. పైకి ఒకేలా కనిపించే దెబ్బకు ఇద్దరిలో రెండు వేర్వేరు కారణాలుంటే ఒకరికి పనిచేసిన ఉపాయం ఇంకొకరికి తిరగబడుతుంది. పలకరింపు కోసం కొట్టుకునే వ్యక్తిని బయట కూర్చోబెడితే తగ్గవచ్చు. పని తప్పించుకోవడానికి కొట్టుకునే వ్యక్తిని అలాగే కూర్చోబెడితే కోరింది చేతికిచ్చినట్టే, రేపటికి ఇంకా పెరుగుతుంది.

1985లో సైకాలజిస్టులు కార్, డ్యురాండ్ చూపిన దారి ఇప్పటికీ నిలిచింది: అదే కారణానికి అంతకన్నా సులువైన మాట నేర్పడం. పని తప్పాలంటే కొట్టుకునే బదులు ‘ఆపు’ అనే కార్డు చేతికివ్వడం నేర్పాలి. మొదటి రోజుల్లో కార్డు ఇచ్చిన ప్రతిసారీ, ఆ క్షణమే పని ఆపాలి. ‘ఈ ఒక్కటి చేసేయి’ అన్నామా, కార్డు చచ్చిపోతుంది. చెంపదెబ్బ కన్నా కార్డు తొందరగా పనిచేస్తుందని నమ్మకం కుదిరాక 5 సెకన్లు, 10 సెకన్లు, అర నిమిషం అని పని ఆపడాన్ని కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ పోవాలి. ఇక్కడే చాలా ఇళ్లలో పట్టు తప్పుతుంది. కొట్టుకున్నా పట్టించుకోకపోవడంతో పాత దారి మూసుకుపోయిన మొదటి కొన్ని రోజులు దెబ్బలు పెరగవచ్చు. ఆ పెరుగుదలకు భయపడి లొంగితే, ‘ఇంత గట్టిగా కొట్టుకుంటేనే వింటారు’ అని మనమే నేర్పినట్టు. తల గోడకు బాదుకోవడం, కళ్లు పొడుచుకోవడం ఉంటే మాత్రం పట్టించుకోనట్టు ఉండే పద్ధతి ఇంట్లో ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు.

మందుల గురించి రెండు మాటలు. 2008లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో దూకుడుగా ప్రవర్తించే, మేధో వైకల్యం ఉన్న 86 మంది పెద్దలను మూడు గుంపులు చేసి, ఒకరికి రిస్పెరిడోన్, ఒకరికి హాలోపెరిడాల్ (రెండూ మానసిక జబ్బుల మందులే), ఒకరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. నాలుగు వారాల్లో మూడు గుంపుల్లోనూ దూకుడు తగ్గింది. ఎక్కువ తగ్గింది ఉత్తుత్తి మాత్ర గుంపులో. నిజంగా మానసిక జబ్బు ఉంటే మందు కావాల్సిందే, ఉన్న మందును ఉన్నపళంగా ఆపనూ కూడదు. కానీ కాగితం మీద ఆ మూడు గడులు నింపకముందే మందుల చీటీ రాయడం మాకు మింగుడుపడదు.

చివరిగా మీ విలేకరులకు పనికొచ్చేది ఒకటి. మేధో వైకల్యం ఉన్న చాలామంది అవును-కాదు ప్రశ్నకు ‘అవును’ అనేస్తారు. ఎదుటివారు కోరేది అదేనని వారికి అలవాటు. ‘అక్కడ బాగుందా?’ అని అడిగి, కాసేపయ్యాక ‘అక్కడ బాధగా ఉందా?’ అనీ అడగండి. రెండింటికీ అవును వస్తే మీ చేతిలో జవాబు లేనట్టే. ‘ఇదా, అదా’ అని అడిగితే చివర విన్నదే తిరిగి చెప్పవచ్చు కాబట్టి వరస మార్చి మళ్లీ అడగాలి. బొమ్మలు చూపిస్తే మేలు. ప్రశ్నకు పది సెకన్లు ఆగండి, పక్కనున్నవారిని అందుకోనివ్వకండి. ఆ తర్వాత వార్తలో ‘అయిదేళ్ల బుద్ధి’ రాసే చోట ‘చదవలేరు, చిన్న వాక్యాలు అర్థమవుతాయి, బొమ్మలు చూసి తనకేం కావాలో చెప్పగలరు’ అని రాయండి. నాలుగు మాటలు ఎక్కువ పడతాయి, అంతే.

— ఎదుగుదల వైకల్యాల రంగంలో పనిచేసే సైకాలజిస్టులు