అర్జీలు, రెజ్యుమెలు, శుభలేఖలు: మా సెంటర్‌లో ఏఐ వాడకం గురించి

ఒంగోలు ప్రకాశం భవన్‌కు దగ్గర్లో ఉన్న మా జిరాక్స్, డీటీపీ సెంటర్‌కు వచ్చేవాళ్లు ఈమధ్య రెండు ప్రశ్నలు ఎక్కువగా అడుగుతున్నారు. ఒకటి, "అర్జీ చాట్‌జీపీటీనే రాసి పెడుతోందంట కదా, మరి మీకు డబ్బులెందుకు ఇవ్వాలి?" రెండోది, "ఇన్ని ఏఐలు వచ్చాయి, నా ఫోన్‌లో ఏది పెట్టుకోమంటారు?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. కౌంటర్ దగ్గర రద్దీలో అరకొరగా చెప్పడం కంటే వివరంగా రాస్తే మీకూ మాకూ మంచిదనిపించింది.

అవును, వాడుతున్నాం. ఇంగ్లీషులో రాయాల్సిన ఉత్తరాలకు, రెజ్యుమెలకు, అర్జీ చిత్తుప్రతికి, బ్యాంకు నుంచో ఇన్సూరెన్స్ నుంచో వచ్చిన ఇంగ్లీషు నోటీసులో ఏముందో తెలుగులో చెప్పడానికి వాడుతున్నాం. అంతకుముందు గంట పట్టే ఉత్తరం ఇప్పుడు పావుగంటలో అయిపోతోంది. కానీ అది రాసిచ్చింది రాసిచ్చినట్టు ప్రింట్ తీసి మీ చేతిలో పెట్టడం మాత్రం లేదు. ఎందుకో చెప్తాను.

మా దగ్గరకు వచ్చే అర్జీల్లో ఎక్కువ భాగం భూమి గొడవలే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగే రోజైతే ఇక చెప్పక్కర్లేదు. ఆమధ్య చీమకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మనవడు ఫోన్‌లో ఏఐతో రాయించిన అర్జీని ప్రింట్ తీసిమ్మన్నారు. భాష చక్కగా ఉంది, మర్యాదగా ఉంది. చదువుతూ పోతే మధ్యలో "35 గుంటలు" అని తగిలింది. ఆయన పాస్‌పుస్తకంలో ఉన్నది 35 సెంట్లు. గుంటలు తెలంగాణ లెక్క, ఎకరానికి 40. మనకు ఎకరానికి 100 సెంట్లు. 35 గుంటలంటే ఎనభై ఏడున్నర సెంట్లు! లేని అరెకరం పైచిలుకు భూమి నాదని ఆయనే సంతకం పెట్టి ఇచ్చినట్టయ్యేది. పక్కపొలం వాళ్లతో గట్టు తగాదా ఉన్న మనిషి అలాంటి కాగితం ఇస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అదే కాగితంలో కింద "ధరణి పోర్టల్‌లో సవరించగలరు" అని కూడా ఉంది. ధరణి మనది కాదు. తెలంగాణలోనే 2025 ఏప్రిల్‌లో దాన్ని పక్కనబెట్టి భూభారతి తెచ్చారు. మన రికార్డులు రెవెన్యూ వాళ్ల వెబ్‌ల్యాండ్‌లో ఉంటాయి, మనం మీభూమి సైట్‌లో చూసుకుంటాం.

ఏఐ ఇలా ఎందుకు రాస్తుందంటే, అది ఎక్కడెక్కడి రాతల నుంచో నేర్చుకుంది. తెలుగులో భూమి అని అడగ్గానే రెండు రాష్ట్రాల సంగతులూ కలిసిపోతాయి. పైగా దానికి తెలిసిన సమాచారం ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని మన రాష్ట్రంలో 2024లో రద్దు చేశారు, అది ఇంకా అమల్లో ఉన్నట్టే రాసిన అర్జీలు నేను చూశాను. అందుకే మీరు ఇంట్లో వాడుకునేటప్పుడు మొదటి మాటలోనే "ఆంధ్రప్రదేశ్, ప్రకాశం జిల్లా, ఫలానా మండలం" అని చెప్పండి. నెట్‌లో వెతికి చెప్పమని కూడా అడగండి. తప్పులు చాలావరకు తగ్గుతాయి.

ఇంకొక సంగతి ఏఐ తనంతట తాను అడగదు. "మీ ఊళ్లో రీసర్వే అయిందా?" అయితే పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి. అర్జీలో రెండూ రాయకపోతే ఆఫీసులో కాగితం అటూ ఇటూ తిరుగుతుంది. ఇంతకుముందు ఇచ్చిన అర్జీ ఏమైంది, రసీదు ఉందా, వీఆర్వో ఏమన్నారు, అన్నదమ్ములు పంచుకున్నది కాగితం మీదా నోటిమాటా, ఇవన్నీ మనిషి కూర్చుని అడిగి రాబట్టాల్సినవి. మీరిచ్చే డబ్బులు దీనికి.

సంతకం పెట్టే ముందు ప్రతి అర్జీనీ మీకు గట్టిగా చదివి వినిపిస్తాం. ఇది ఇకనుంచి మా సెంటర్‌లో నియమం. చదువుకున్నవాళ్లకైనా, వేలిముద్ర వేసేవాళ్లకైనా ఇదే పద్ధతి. "పర్లేదులే బాబూ, బాగానే రాసుంటావు" అని మొహమాటపడి లేచిపోకండి. మీ పేరు మీద వెళ్లే కాగితంలో ఏముందో మీ చెవిన పడాలి. ఏఐ వచ్చాక మా టైపిస్టును తీసేస్తామా అని కొందరు ఆ అమ్మాయి ముందే అడిగారు. తీసెయ్యం. చదివి వినిపించేది, అడంగల్, 1బి అనే భూమి రికార్డులతో పోల్చి చూసేది ఆవిడే. ఆవిడ చెయ్యి పడకుండా కాగితం బయటికి పోదు.

ఇక ఏది పెట్టుకోవాలనే ప్రశ్న. ఫలానాదే గొప్ప అని చెప్పలేను. ఇవి నెలనెలా మారుతున్నాయి, నిన్న బాగా లేనిది ఇవాళ బాగుంటుంది. రాతపనికి మేం చాట్‌జీపీటీ, క్లాడ్ రెండూ తెరుస్తాం, పెద్ద ఉత్తరమైతే రెండింటిలోనూ రాయించి మెరుగైనది తీసుకుంటాం. తెలుగులో నోటితో మాట్లాడి అడగాలనుకునే పెద్దవాళ్లకు జెమిని తేలిక, ఆండ్రాయిడ్ ఫోన్లలో దగ్గరగా ఉంటుంది. ఏదైనా పథకం గురించో, పరీక్ష తేదీ గురించో తెలుసుకోవాలంటే పర్‌ప్లెక్సిటీ సమాధానం పక్కన అది ఎక్కడినుంచి తెచ్చిందో చూపిస్తుంది, ఆ లింకు నొక్కి ప్రభుత్వ సైటా కాదా చూసుకోవచ్చు. మెటా ఏఐ వాట్సాప్‌లోనే ఉంటుంది కాబట్టి చిన్నచిన్న ప్రశ్నలకు వేరే ఏమీ దించుకోనక్కర్లేదు. మీ సొంత పని ఒకటి తీసుకుని, మీకు జవాబు బాగా తెలిసిన ప్రశ్న రెండు మూడింటిలో అడిగి చూడండి. ఏది సూటిగా చెప్పిందో, ఏది తెలియనిదాన్ని కూడా ధీమాగా చెప్పిందో మీకే తెలుస్తుంది. ప్రకటనల కంటే ఈ పరీక్ష నమ్మదగింది.

డబ్బులు కట్టాలా? మామూలు ఇంటిపనులకు అక్కర్లేదు. అన్నింటికీ ఉచిత వాడకం ఉంది, పరిమితి దాటితే కాసేపు ఆగాలి, అంతే. తెలుగుకు ఆ పరిమితి కొంచెం తొందరగా అయిపోయినట్టు అనిపిస్తే అది మీ భ్రమ కాదు. ఇవి మాటల్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి, మన లిపి ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలవుతుంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు, అంతకుముందు 159 టోకెన్లయ్యే తెలుగు నమూనా వాక్యాలు 45కి తగ్గాయని చూపించింది. చాలా మెరుగైంది, ఇంకా మెరుగవ్వాలి.

2025లో ఉచిత ఆఫర్లు కూడా బాగా వచ్చాయి. ఎయిర్‌టెల్ వాళ్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది, జియో వాళ్లకు జెమిని ప్రో 18 నెలలు, నెలకు 399 రూపాయల చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితమన్నారు. తీసుకున్నవాళ్లు గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆటోపేకు ఒప్పుకుని మర్చిపోతే డబ్బులు కట్ అవుతాయి. ఇవే పేర్లను పోలిన పేర్లతో, వారానికింత అని గుంజే నకిలీ యాప్‌లు కూడా ఉన్నాయి. దించుకునే ముందు యాప్ పేరు కింద ఉండే కంపెనీ పేరు చూడండి.

మీ వివరాల సంగతి నేను అన్నిటికంటే గట్టిగా పట్టించుకునే విషయం. ఆధార్, పాస్‌పుస్తకం నంబరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి కాగితాలు మేం ఏ ఏఐలోనూ పెట్టం. "అర్జీదారు", "సర్వే నంబరు ఖాళీ" అని రాయించి, అసలు వివరాలు మా కంప్యూటర్‌లో చేత్తో నింపుతాం. ఈ సంభాషణల్లో కొన్నింటిని మనుషులు చూసే అవకాశం ఉందని, రహస్య సమాచారం పెట్టొద్దని గూగులే తన జెమిని వాడకందార్లకు చెప్తోంది. మీ ఇంట్లో పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. మాకు వాట్సాప్‌లో పంపిన ఆధార్ ఫొటోలు పని కాగానే మీ ఎదుటే తీసేస్తాం. మర్చిపోతే అడగండి.

రెజ్యుమెలకు వచ్చే పిల్లలకు ఒక మాట. ఏఐ మీకు రాని సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చని రాసేస్తుంది. ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు. మీరు నేర్చుకోనిది మేం తీసేస్తాం, కోపం తెచ్చుకోవద్దు.

శుభలేఖలు మాత్రం పాత పద్ధతిలోనే. ఏఐ ఇచ్చే తెలుగు యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో కనిపించే పద్ధతిలో) ఉంటుంది, మా ప్రింటింగ్ పని 'అను' అనే డీటీపీ ఫాంట్లలో. మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి. తిథి, నక్షత్రం, లగ్నం దాన్ని అడగనే అడగం. పురోహితుడు రాసిచ్చిన చీటీ తెండి, అదే వేస్తాం.

ఒకటి మాకు నష్టమైనా చెప్తున్నాను. చాలా ప్రభుత్వ సేవలకు, సర్టిఫికెట్లకు 2025 జనవరి 30 నుంచి నడుస్తున్న మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది. ముందు అక్కడ చూసుకోండి. అందులో కుదిరిపోతే మా దాకా రానక్కర్లేదు.

రేట్లు: అర్జీ రాసినందుకు పాత రేటే. మీరు ఫోన్‌లో రాసుకొచ్చి ఉత్త ప్రింట్ అడిగితే ప్రింట్ డబ్బులు మాత్రమే. రికార్డులతో పోల్చి సరిచేయమంటే అర్జీ రేటులో సగం. సోమవారం పొద్దున హడావుడిలో రాయించుకోవడం కంటే ఆదివారం సాయంత్రం 4 నుంచి 8 లోపు రండి, తీరిగ్గా కూర్చుని రాద్దాం. పాస్‌పుస్తకం, 1బి, పాత అర్జీ రసీదు వెంట తెచ్చుకోండి.