కీమో వార్డులో అనుభవమున్న వారికీ ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారములు.

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం కావడంతో గడ్డను తొలి దశలోనే ఎలా గుర్తించాలి, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎవరికి అవసరం అన్న విషయాలపై మీ పత్రికలో మంచి వ్యాసాలు వస్తున్నాయి. అవి ఎంతో అవసరమైనవి. అయితే క్యాన్సర్ అని తేలిపోయి, చికిత్సలో ఏడాది పాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఒకరికొకరు ఎంత ఆసరా అవుతారన్న సంగతి వాటిలో ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. 2022లో నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు తిరుగుతూ మూడు వారాలకొకటి చొప్పున 4 కీమోలు, ఆ తర్వాత వారం వారం 12 కీమోలు, ఆపరేషన్, 15 రోజుల రేడియేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు రోజుకొక మాత్రతో, ఆరు నెలలకొక పరీక్షతో ఆరోగ్యంగానే ఉన్నాను.

మొదటి కీమో నాడు నర్సు పెద్ద సిరంజిలో ఎర్రటి మందు తెచ్చి ఎక్కించడం మొదలుపెట్టినప్పుడు నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పక్క కుర్చీలో మూడో కీమోకు వచ్చిన ఒక రైతు మహిళ ఉన్నది. సూర్యాపేట దగ్గరి పల్లె, నాకంటే పదిహేనేళ్లయినా చిన్నది. ఆమె నా వైపు వంగి, "అక్కా, ఇంటికి పోయినంక మూత్రం ఎర్రగ వస్తది. నెత్తురనుకొని ఆగమాగం గాకు, ఆ మందు రంగే అది. నాకెవ్వలు చెప్పక రాత్రంత ఏడ్సిన" అన్నది. తర్వాత కొంగు ముడి విప్పి, ఎండబెట్టిన ఉసిరి ముక్క ఒకటి తీసి, నోరు ఇనుము నాకినట్టు అయినప్పుడు బుగ్గన పెట్టుకొమ్మని నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి ఆమె చెప్పినట్టే జరిగింది, నేను మాత్రం భయపడలేదు. ఆసుపత్రి వారు ఇచ్చిన మూడు పేజీల కాగితంలో ఈ సంగతి ఉన్న మాట నిజమే, కానీ అదంతా ఇంగ్లీషులో ఉన్నది. ఆమె ఆ కాగితం ఎట్లా చదువుకోగలదు?

ఆ తర్వాతి నెలల్లో నాకు తెలిసిన ఉపయోగకరమైన సంగతుల్లో సగానికి పైగా తోటి రోగులు చెప్పినవే. రెండు మూడు వారాల్లో జుట్టు రాలిపోతుంది కనుక ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిండు మీద కుప్పలు చూసి కుమిలిపోయే బాధ కొంత తగ్గుతుందని ఒకరు చెప్పారు. కీమో అయిన రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకొని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని మరొకరు హెచ్చరించారు. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ వేయనివ్వకూడదని, పొలం పనికి వెళితే ఆ చేతికి కొడవలి గాటు, ముల్లు తగలకుండా తొడుగు వేసుకోవాలని, లేకుంటే చెయ్యి వాచిపోయే ప్రమాదం ఉందని నాకు చెప్పింది వాచిన చెయ్యితో బాధపడుతున్న ఒక పెద్దావిడే. చికిత్సకు ప్రయాణించే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, వెంట వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నదని, దానికి ఆసుపత్రి నుంచి నిర్ణీత పత్రం తీసుకోవాలని కూడా వరుసలో నిలబడ్డప్పుడే తెలిసింది. నేను టీచరమ్మనని తెలిశాక వాళ్లు తమ రిపోర్టులు, ఆరోగ్యశ్రీ కాగితాలు నా దగ్గరికి తెచ్చేవారు. చదివి చెప్పడం, ఫారాలు నింపడం నా వంతు అయింది. నేను కూడా ఒకరికి పనికివస్తున్నానన్న భావన ఆ రోజుల్లో నన్ను ఎంత నిలబెట్టిందో మాటల్లో చెప్పలేను.

ఆపరేషన్‌కు ముందు రోజు జరిగినది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రొమ్ము తీసేశాక ఒళ్లు ఎలా ఉంటుందో అడగడానికి నాకు నోరు రాలేదు, డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించినా బోధపడలేదు. వార్డులోని ఒక ఆమె నన్ను తెర చాటుకు తీసుకువెళ్లి, జాకెట్టు హుక్కులు తీసి, మానిన తన గాయాన్ని చూపించింది. చదునైన ఛాతీ మీద చంక వరకు సాగిన ఒక గీత, అంతే. "ముట్టుకొని చూడు, నొప్పేమీ లేదు" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇంట్లో చెప్పుకోలేనివి కూడా అక్కడ చెప్పుకొనేవాళ్లం. అంటుకుంటుందేమోనని కంచం, గ్లాసు వేరు చేసిన అత్తగార్లున్నారు. కూతురి పెళ్లి సంబంధం తప్పిపోతుందని జబ్బు పేరే బయటపెట్టని తల్లులున్నారు. ఇది అంటువ్యాధి కాదు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. మా వార్డుకు రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఒక పురుషుడు కూడా వచ్చేవారు. ఈ జబ్బు వచ్చిన వారిలో సుమారు నూటికి ఒక్కరు మగవారు. అంతమంది ఆడవాళ్ల మధ్య ఆయన ఎవరితోనూ మాట్లాడలేక గోడ వైపు తిరిగి కూర్చునేవారు. ఆయనకు మేమూ ఏమీ చేయలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉన్నది.

అయితే ఈ ఆసరా గురించి లేనిపోని ఆశలు కల్పించకూడదు. వ్యాధి ముదిరిన మహిళలు బృందంగా కూర్చుని మాట్లాడుకుంటే ఎక్కువ కాలం బ్రతికారని 1989లో అమెరికాలో డాక్టర్ డేవిడ్ స్పీగెల్ ప్రకటించిన అధ్యయనం పేరు పొందింది కానీ, 2001లో వెలువడిన మరింత పెద్ద కెనడా అధ్యయనంలో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. మనోవేదన, నొప్పి తగ్గినట్టు మాత్రం తేలింది. నాకు అది చాలు. మరొక ప్రమాదం కూడా ఉన్నది. మంచి సలహా తిరిగే దారిలోనే చెడు సలహా కూడా తిరుగుతుంది. లక్ష్మణఫలం ఆకు కషాయం తాగితే చాలునని ఎవరో చెప్పగా, రెండు కీమోలతో మానేసి వెళ్లి, నెలల తర్వాత పుండుతో తిరిగి వచ్చిన ఆమెను నేను కళ్లారా చూశాను. ఒకరికి హెర్సెప్టిన్ అనే మందు ఇస్తున్నారు, నాకెందుకు ఇవ్వడం లేదని కంగారుపడేవారు ఎందరో. గడ్డ స్వభావాన్ని బట్టి మందు మారుతుందని నెమ్మదిగా చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

అందుకే ఈ ఆసరాను యాదృచ్ఛికానికి వదిలేయవద్దని నా మనవి. నాకు పక్క కుర్చీలో మంచి మనిషి దొరికింది. దొరకని వారి మాటేమిటి? టెరీస్ లాసర్ అనే అమెరికన్ మహిళ 1952లో తన ఆపరేషన్ తర్వాత, ఏమి చేయాలో చెప్పేవారు లేక బాధపడి, తానే ఆసుపత్రులకు వెళ్లి తనవంటి వారిని పలకరించడం మొదలుపెట్టారు. మొదట వైద్యులే అభ్యంతరం చెప్పారు. 1969 నాటికి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా స్వీకరించింది. మన దేశంలో 2022లోనే సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినట్టు అంతర్జాతీయ అంచనా. హైదరాబాద్ ఎం.ఎన్.జె., విశాఖపట్నం హోమీ భాభా వంటి పెద్ద ఆసుపత్రుల్లోనూ, జిల్లాల్లోని కీమో కేంద్రాల్లోనూ చికిత్స ముగించుకొని కనీసం ఏడాది అయిన మహిళలను ఎంపిక చేసి, ఏది చెప్పవచ్చు, ఏది డాక్టరుకే వదలాలన్న విషయంలో కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, ఒక నర్సు పర్యవేక్షణలో వార్డులో కూర్చోబెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. దీనికి కావలసినది బస్సు చార్జీలు, మాట్లాడుకోవడానికి తలుపున్న ఒక చిన్న గది, తెలుగులోనూ ఉర్దూలోనూ ముద్రించిన ఒక కాగితం.

ఏ ఆసుపత్రి అనుమతించినా నెలకు రెండు రోజులు నా సొంత ఖర్చుతో ఖమ్మం నుంచి వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. సూర్యాపేట చెల్లెలికి మొన్న ఫోన్ చేసి ఈ మాట చెబితే, నాట్లు, కోతలు లేని రోజుల్లో తానూ వస్తానన్నది.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఖమ్మం.