సర్వేకు ముందే బావుల రికార్డు: మా ఖాతాదారులకు తెలియజేయదలచినది

మా వద్ద భూగర్భజల సర్వే చేయించుకునే రైతులకు, ఇంటి స్థలాల యజమానులకు నమస్కారం. ఈ సీజను నుంచి మా పనిలో ఒక మార్పు చేస్తున్నాం. పాయింటు పెట్టడానికి, అంటే బోరు వేసే చోటు గుర్తించడానికి, మీ భూమి మీదికి వచ్చే ముందే, ఆ చుట్టుపక్కల బావులు, బోర్లు, నీటిమట్టాల గురించి ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచిన రికార్డును వెతికి, దొరికినదంతా ఒక కాగితం మీద రాసి మీకు ఇస్తాం. ఇది సర్వేలో భాగమే తప్ప విడి సేవ కాదు. ఆ కాగితం చూశాక బోరు ఆలోచన మానుకునేవారు కొందరు ఉంటారు, అంతమేరకు మాకు పని తగ్గుతుంది. అయినా అప్పు తెచ్చి బోరు వేయించుకునే మనిషికి తన నేల గురించి ప్రభుత్వం వద్ద ఉన్న సమాచారం ముందుగా తెలియాలన్నది మా గట్టి అభిప్రాయం.

ఈ రికార్డు మా సొత్తు కాదు. ప్రజల సొమ్ముతో తయారైనది, ఎవరైనా చూసుకోవచ్చు. అందుకే అది ఎక్కడ ఉంటుందో, ఎలా చదవాలో, దేన్ని నమ్మవచ్చో, ఎక్కడ ఆగాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు కేంద్ర భూగర్భ జల మండలి. 1954లో ఏర్పడిన అన్వేషక గొట్టపు బావుల సంస్థే 1970లో ఈ పేరు పొందింది, 1972లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలోని భూగర్భజల విభాగం కూడా దీనిలో కలిసింది. ఈ మండలి రెండు రకాల రికార్డులు పెడుతుంది. ఒకటి, ఎంపిక చేసిన పరిశీలక బావుల్లో ఏటా నాలుగుసార్లు, అంటే జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో కొలిచే నీటిమట్టం. రెండవది, భూమి లోపలి పొరలను తెలుసుకోవడానికి మండలి స్వయంగా వేసిన అన్వేషక బోర్ల వివరాలు. నీటిమట్టాల లెక్కలు దేశ జలవనరుల సమాచారం ఉంచే ఇండియా-డబ్ల్యూరిస్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా వారీగా దొరుకుతాయి. అన్వేషక బోర్ల పట్టికలు జిల్లాల జలధార (భూమి లోపల నీళ్లుండే పొర) పటాల నివేదికల్లో ఉంటాయి. జలధారల పటాలు గీసే ఈ జాతీయ కార్యక్రమం 2012లో మొదలైంది. వీటికి తోడు తెలంగాణ భూగర్భ జల శాఖ నెలవారీ నీటిమట్టాల నివేదికలు వెలువరిస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో జలవనరుల సమాచార వ్యవస్థ పోర్టల్ ఉంది.

మాకు అన్నింటికన్నా విలువైనది అన్వేషక బోరు పట్టికే. దానిలోని ఒక్క వరుసలో బోరు మొత్తం లోతు, కేసింగ్ (పైనున్న మెత్తటి పొర కూలకుండా దించే గొట్టం) ఎంతవరకు దిగింది, నీళ్లిచ్చే పగుళ్లు ఏయే లోతుల్లో తగిలాయి, సెకనుకు ఎన్ని లీటర్లు వచ్చాయి అనే వివరాలు ఉంటాయి. కేసింగ్ లోతు చూస్తే పైనున్న మెత్తరాయి ఎంత మందమో, గట్టిరాయి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో అధిక భాగం గ్రానైటు, నైసు రాళ్ల నేల. అక్కడ నీళ్లు ఉండేది ఆ మెత్తరాయిలోను, దాని కింద గట్టిరాయిలోని పగుళ్లలోను, రిగ్గు వాళ్లు గ్యాపులు అనేవాటిలోను మాత్రమే. గట్టిరాయి ప్రాంతాల్లో మండలి సాధారణంగా 200 మీటర్ల దాకా, అంటే దాదాపు 656 అడుగుల దాకా బోరు వేసి చూస్తుంది. మీ ప్రాంతంలో అలా వేసిన బోర్లలో 100 మీటర్ల కింద ఒక్క పగులు కూడా నమోదు కాకపోతే, ఇంకా లోతుకు వెళ్దామని ఎవరైనా అన్నప్పుడు ఏ ఆధారంతో అంటున్నారో అడిగే హక్కు మీకు ఉంటుంది.

ఈ పట్టికలో తికమక పెట్టేది కొలతల తేడా. రికార్డులో మీటర్లు ఉంటాయి, మనం అడుగుల్లో మాట్లాడతాం. దాన్ని 3.28తో గుణిస్తే సరిపోతుంది. నీళ్ల కొలత మాత్రం అంత సులువు కాదు. రిగ్గు దగ్గర వీ-నాచ్ పలక, అంటే ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో గండి కోసిన పలక, పెట్టి నీళ్లు ఆ గండిలో ఎంత ఎత్తున పారుతున్నాయో చూసి ఒకటిన్నర ఇంచు, రెండు ఇంచులు అని చెబుతారు. రెండు ఇంచులంటే ఒక ఇంచుకు రెట్టింపు నీళ్లు అని చాలామంది అనుకుంటారు. 90 డిగ్రీల వీ-నాచ్ మీద ఒక ఇంచు ఎత్తున పారే నీరు సెకనుకు సుమారు 0.14 లీటరు, రెండు ఇంచుల ఎత్తున పారేది సుమారు 0.8 లీటరు, అంటే అయిదున్నర రెట్లకు పైనే. మూడు ఇంచులైతే 2.2 లీటర్లు. రికార్డులో సెకనుకు అర లీటరు అని కనిపిస్తే అది రెండు ఇంచులకు తక్కువని, రెండు లీటర్లని ఉంటే దాదాపు మూడు ఇంచులని ఈ లెక్కన పోల్చుకోవచ్చు. మేమిచ్చే కాగితం మీద రెండు కొలతలూ పక్కపక్కనే రాస్తాం.

వెతకడంలో అసలు కష్టం ఊరి పేరు దగ్గర వస్తుంది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత రికార్డు పాత జిల్లా పేరుతోనే ఉండిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట ప్రాంతాలవారు మహబూబ్‌నగర్ పేరుతో కూడా వెతకాలి. 2014కు ముందు తయారైన నివేదికల కోసం రాష్ట్రం పేరు దగ్గర ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకోవాలి. కొత్త మండలాలు ఏర్పడినందువల్ల మీ ఊరు మరో మండలం కింద కనిపించవచ్చు. ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక్కో నివేదికలో ఒక్కో తీరున రాస్తారు కాబట్టి, ఒక పేరుతో దొరకలేదంటే రికార్డు లేదని తేల్చేయకండి.

పేరు కన్నా అక్షాంశ రేఖాంశాలతో వెతకడం మేలు, అయితే అక్కడా జాగ్రత్త అవసరం. పాత పట్టికల్లో చాలావాటిలో డిగ్రీలు, నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు) మాత్రమే ఉంటాయి. ఒక నిమిషం అక్షాంశం నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. అంటే ఆ చుక్క మీ చేనులో కనిపించినంత మాత్రాన ఆ బోరు మీ చేనులో ఉన్నట్టు కాదు, పక్క ఊళ్లో ఉన్నా ఉండవచ్చు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 17.30 అని రాసి ఉంటే అది 17 డిగ్రీల 30 నిమిషాలా, లేక దశాంశాల్లో 17.30 డిగ్రీలా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటిది దశాంశాల్లో 17.50 అవుతుంది, రెండింటి మధ్య దూరం దాదాపు 22 కిలోమీటర్లు. పట్టికలో చుక్క తర్వాత 60 కన్నా పెద్ద అంకె ఎక్కడా కనబడకపోతే అవి నిమిషాలేనని అనుమానించి, ఊరి పేరుతో సరిచూసుకోవాలి.

నీటిమట్టం గ్రాఫుల విషయానికి వస్తే, వాటిలో చూపే అంకె నేల పైభాగం నుంచి నీళ్ల వరకు ఉన్న లోతు. అంకె పెరిగిందంటే నీళ్లు కిందికి దిగాయని అర్థం. కొన్ని గ్రాఫుల్లో ఆ అంకెలు పైకి పెరిగేలా గీసి ఉంటాయి కాబట్టి, పైకి లేచిన గీతను చూసి నీళ్లు పెరిగాయని సంతోషించే ముందు పక్కనున్న అంకెలు చదవాలి. నవంబరు మట్టాన్ని మే మట్టంతో పోల్చి ఊరంతా ఎండిపోయిందనడం కూడా సరికాదు. మేను మేతో, నవంబరును నవంబరుతో పోల్చి, కనీసం పదేళ్ల వరుస చూస్తేనే నేల పోకడ తెలుస్తుంది. పరిశీలక బావుల్లో కొన్ని చేదబావులు, కొన్ని మోటారు లేకుండా కొలతకే వేసిన పీజోమీటర్లు. చేదబావిలోని మట్టం పైపొర సంగతి చెబుతుందే గాని, లోతు పగుళ్లలోని నీటి సంగతి చెప్పదు. పైగా ఆ బావి ఎండిపోతే ఆ ఏడాది గడి ఖాళీగా మిగులుతుంది. మిగిలిన బావుల సగటు తీస్తే, ఎండిన బావి లెక్కలోంచి తప్పుకున్నందువల్ల పరిస్థితి ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. అందుకే మేము సగటు ఇవ్వం, బావి బావికీ విడిగా రాసి, ఖాళీలను ఖాళీలుగానే చూపుతాం.

ఇక ఈ రికార్డులో లేని దాని గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. రైతులు సొంతంగా వేయించుకుని ఫెయిలైన బోర్లు దీనిలో దాదాపుగా కనిపించవు. ఒక చేనులో నీళ్లు పడేలోపు ఎన్ని బోర్లు దుమ్ము లేపి వదిలేశాయో ఏ పోర్టల్ కూడా చెప్పదు. నిజానికి పాయింటు పెట్టేవాడికి పడిన బోరు ఎంత ముఖ్యమో పడని బోరూ అంతే ముఖ్యం. 2017-18 సంవత్సరానికి జరిగిన ఆరవ చిన్న నీటి వనరుల గణనలో దేశం మొత్తం మీద 2 కోట్ల 31 లక్షలకు పైగా వనరులు లెక్కకు వచ్చాయి, వాటిలో 2 కోట్ల 19 లక్షలకు పైగా భూగర్భజల వనరులే. ఇంత పెద్ద లెక్క ఉన్నా, ప్రచురించిన నివేదికలో ఉండేవి మొత్తాలే గాని, మీ పక్క చేను బోరు లోతు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, బావుల నమోదు తప్పనిసరి చేసింది. తెరిచి వదిలేసిన బోర్లలో పిల్లలు పడిపోతున్న ఘటనలపై 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎన్ని బోర్లు వాడుకలో ఉన్నాయి, ఎన్ని వదిలేశారు అన్న లెక్క ఊరి వారీగా జిల్లా స్థాయిలో ఉంచాలని ఉంది. ఆ లెక్క అందరూ చూసుకునేలా లోతులతో సహా ఆన్‌లైన్‌లో ఉంటే ఎన్ని కుటుంబాలు అప్పుల పాలు కాకుండా బయటపడతాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. అవసరమైన చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీరు దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు రాయడంలో మేము సాయపడతాం.

మీ మండలం ఏ వర్గంలో ఉందో కూడా కాగితం మీద ఉంటుంది. కేంద్ర మండలి, హైదరాబాద్ ఐఐటీ కలిసి రూపొందించిన ఇన్-గ్రెస్ పోర్టల్‌లో ఇది కనబడుతుంది. ఏటా భూమిలో చేరే నీటిలో, తోడుకోదగిన దానిలో 70 శాతం వరకు తోడితే సురక్షితం, 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 100 వరకు సంక్లిష్టం, దాటితే మితిమీరిన వాడకం అని నాలుగు వర్గాలు. ఇది మండలం మొత్తానికి వేసిన లెక్క. సురక్షిత మండలంలో ఫెయిలైన బోర్లు, మితిమీరి తోడిన మండలంలో బాగా పారే బోర్లు ఉండటంలో వింత లేదు. అయితే మితిమీరిన వాడకం ఉన్న చోట ఈరోజు రెండు ఇంచులు పడినా అవి అలాగే నిలుస్తాయని మేము మాట ఇవ్వలేం. అనుమతి విషయంలో కూడా అక్కడ ఆంక్షలు ఉంటాయి. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడంపైనా వాల్టా నిషేధం ఉంది కాబట్టి, అటువంటి చోట మేము పాయింటు పెట్టం.

తాగడానికి బోరు వేయించుకునేవారు నీటి నాణ్యత పట్టిక తప్పక చూడాలి. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. నల్లగొండ జిల్లా అనుభవం తెలిసినవారికి దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. రికార్డులో పక్క బావి అంకె ఎంత బాగున్నా, మీ బోరు నీటిని విడిగా పరీక్ష చేయించాల్సిందే.

రికార్డు చూశాక కూడా నేల మీద మీటరుతో రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంటు పంపి లోపలి పొరల నిరోధాన్ని కొలిచే సర్వే, చేస్తాం, చుట్టుపక్కల రైతులను అడుగుతాం. రికార్డు ప్రాంతం స్వభావం చెబుతుంది, మీటరు ఆ చోట రాయి స్వభావం చెబుతుంది. ఈ రెండూ కలిసినా నూటికి నూరు శాతం నీళ్లు పడతాయని చెప్పగలిగే వారెవరూ లేరు, మేము కూడా చెప్పం.

మీ నుంచి కోరేది ఇది. సర్వేకు పేరు ఇచ్చేటప్పుడు సర్వే నంబరు, పాత జిల్లా, పాత మండలం పేర్లు, మీ భూమిలో ఇంతవరకు వేసిన ప్రతి బోరు లోతు, కేసింగ్ ఎంత దిగింది, నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర తగిలాయి అన్నవి తెలిసినంతవరకు చెప్పండి. ఫెయిలైన బోర్లను దాచకండి. మీ అనుమతి ఉంటే ఆ వివరాలను పేరు లేకుండా మా పట్టికలో చేర్చి, చుట్టుపక్కల బోరు వేయించుకునేవారికి చూపిస్తాం. కొత్తగా బోరు వేసే రోజున రిగ్గు దగ్గర మా మనిషి ఉండి ప్రతి 10 అడుగులకు బయటికి వచ్చే రాతి పొడి రంగు, గ్యాపు తగిలిన లోతు, వీ-నాచ్ మీద నీటి ఎత్తు రాసి, ఆ కాగితం ఒక ప్రతి మీకు ఇస్తాడు. ఇప్పటికే పేరు ఇచ్చి సర్వే కోసం ఎదురుచూస్తున్నవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. రికార్డు కాగితం సర్వే తేదీకి ముందే మీకు వాట్సాప్‌లో వస్తుంది. దాన్ని చదివిన తర్వాత సర్వే వద్దనుకుంటే ఆ మాట ఫోనులో చెబితే చాలు, మీ తేదీని వరుసలో తర్వాత ఉన్నవారికి ఇస్తాం.