పనసకాయా, ముప్ఫై ఒక్క మార్కులూ

విజయనగరం,
నవంబరు 27

ఒరే పొట్టోడా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి వెనక నుంచి మా చెల్లెమ్మ ఏదో అంటోంది, అదేంటో వినడానికి. రెండోసారి నువ్వడిగిన సంగతి అర్థం చేసుకోడానికి. మూడోసారి ఊరికే. బోస్టన్ పక్కన అన్నేళ్ళుంటున్నా నీ నోట్లోంచి 'ఏటి', 'ఎందుకేటి' పోలేదు, ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో జవాబు చెప్తే మధ్యలో అడ్డుపడతావు. అందుకే ఉత్తరం. చదువుతూ ఎంతైనా అడ్డుపడు, నాకు వినపడదు.

ఇక్కడ చలి మొదలైంది. తెల్లారి కొట్టుకెళ్తుంటే గంటస్తంభం దగ్గర మంచులో టీ బండి పొయ్యి ఒక్కటే కనిపిస్తుంది. అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే ఉంది కానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

సరే, అసలు విషయం. డిసెంబరు సెలవులకి ముందు మీ పాప టీచరుకి ఏదో ఒకటివ్వాలని క్లాసులో ఒకావిడ అందరికీ ఈమెయిల్ పెట్టింది. ఇస్తే లంచంలా ఉంటుందని నీ బాధ, ఇవ్వకపోతే పిసినారి అనుకుంటారని మా చెల్లెమ్మ బాధ. "మన దగ్గర ఏటి చేస్తున్నార్రా?" అన్నావు. మన దగ్గర ఇదే గొడవ దసరాకయింది. ఇంకా నా కడుపులో తిరుగుతూనే ఉంది.

మా అమ్మాయి మూడో తరగతి, ప్రైవేటు స్కూలు. పేరెందుకులే. తల్లిదండ్రులకి ఒక వాట్సాప్ గ్రూపుంది, హోంవర్కులు అడుక్కోడానికి పెట్టింది. దసరా సెలవులింకా వారం ఉన్నాయనగా ఒకావిడ, "క్లాస్ టీచరుకి అందరం కలిసి పట్టుచీర పెడదాం, తలా 300" అని పెట్టింది. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. బాగానే ఉంది. ఆ వెనకే లిస్టు వచ్చింది. 1 నుంచి 34 దాకా పిల్లల పేర్లు, డబ్బు పంపినవాళ్ళ పేరు పక్కన పచ్చ టిక్కు. గంటగంటకీ ఆ లిస్టు మళ్ళీ పైకి వచ్చేది, టిక్కులు పెరిగి.

అప్పుడు నా సంగతి నీకు తెలుసు కదా, పైడితల్లమ్మ పండగ రోజులు. సీరియల్ సెట్లకీ వైర్లకీ కొట్లో ఊపిరాడదు. రెండో రోజు సాయంత్రం మా ఆవిడ ఫోను. "మన పిల్ల పేరు ఖాళీగా కనిపిస్తోంది, పంపుతారా లేదా?" అసలెందుకివ్వాలి, మా నాన్న ముప్ఫై ఏళ్ళు పంతులుగా చేసి ఒక్క చీర తీసుకున్నాడా అని మొదలెట్టాను. "మీ నాన్నగారు చీర ఏం చేసుకుంటారు? ముందు ఫోన్‌పే చెయ్యండి" అంది. చేశాను. నా నీతి విలువ 300 అని ఆ రోజు తెలిసింది.

రాత్రికి 33 టిక్కులు. 19వ నంబరు ఒక్కటే ఖాళీ. ఆ కుర్రాడి నాన్నది ఆటో. మా అమ్మాయి స్కూలుకెళ్ళేది ఆ ఆటోలోనేరా! పదిన్నరకి గ్రూపులో బూడిదరంగు అక్షరాల్లో ఒక లైను వచ్చింది, ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు. ఎవరూ ఏమీ అనలేదు. ఐదు నిమిషాలాగి ఎవరో గుడ్ నైట్ బొమ్మ పెట్టారు.

ఆయనది నేనే వేసేస్తే? అనుకున్నాను. వేస్తే ఆయనకింకా చిన్నతనం, వెయ్యకపోతే నాకు. వెయ్యలేదు. మర్నాడు ఎనిమిదింపావుకి ఎప్పట్లాగే ఆటో వచ్చింది. నేను గుమ్మంలో నించున్నాను. ఆయన గుడ్డ తీసి అద్దం తుడుస్తున్నాడు, అప్పటికే తుడిచిన అద్దాన్ని.

చీర ఇచ్చిన రోజు సాయంత్రం మా పిల్ల చెప్పింది. చీరతోపాటు ఒక కార్డు పెట్టారట, ఇచ్చినవాళ్ళందరి పేర్లూ రాసి. టీచరు ముచ్చటపడి, థాంక్స్ చెప్తూ ఆ పేర్లన్నీ పైకి చదివింది. పాపం ఆవిడకేం తెలుసు. "వాడి పేరు రాలేదు నాన్నా. వాడు బల్ల కింద బూటు వెతుక్కుంటున్నాడు. బూటు కాలికే ఉంది" అంది.

అది విన్నాక నాకు నువ్వు గుర్తొచ్చావు. నిజంగా. నువ్వూ, మీ పెరటి పనసకాయా.

నువ్వు మర్చిపోయినట్టు నటిస్తావు కానీ మర్చిపోలేదని నాకు తెలుసు. ఒంటిపూట బడులు. మనది ఏడో తరగతి, మా నాన్నే లెక్కలు చెప్పేది. పరీక్షలు వారంలో ఉన్నాయనగా మీ నాన్న నీ నెత్తిన పనసకాయ పెట్టి పంపాడు. నీకంటే అదే పొడుగ్గా ఉంది. గుమ్మంలో నించుని, మెడ తిప్పలేక, కళ్ళు మాత్రం తిప్పి "మేష్టారూ, మా నాన్న ఇమ్మన్నాడండి" అన్నావు. మా నాన్న దాన్ని ఇంటికి పంపలేదు, వెనక్కీ పంపలేదు. కత్తిపీట తెమ్మన్నాడు. అరచేతులకి నూనె రాసుకుని క్లాసులోనే, నల్లబల్ల కింద గోనె పరిచి, కోశాడు. ఆ వాసనకి ఆరో తరగతి వాళ్ళు కిటికీలకి వేలాడారు. మనిషికి రెండు తొనలు. తనకి ఒకటి. పిక్కలు ఏరించి వంటావిడకిచ్చాడు, కాల్చుకోమని. జిగురు వదలక మన చేతులు సాయంత్రం దాకా పుస్తకాలకి అంటుకున్నాయి.

తరవాత నీకు లెక్కల్లో 31 వచ్చాయి. పాసు 35. మీ నాన్న మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "ఏటి మేష్టారూ, మావోడికి నాలుగు మార్కులు కలపనేపోయారా?" అన్నాడు. మా నాన్న మజ్జిగ ఇప్పించి, "పనసకాయ క్లాసంతా తిన్నారు బాబూ. నాలుగు మార్కులు క్లాసందరికీ కలపమంటారా?" అన్నాడు. మీ నాన్న ఒక్క నిమిషం చూసి, పొలికేక పెట్టినట్టు నవ్వాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. వేసవంతా రోజూ పొద్దున్న నువ్వు మా అరుగు మీద లెక్కలు చేశావు. దానికి మా నాన్న ఏమీ తీసుకోలేదు. ఇప్పుడు నువ్వక్కడ ఏవో పెద్ద లెక్కలే చేస్తున్నావు, ఆ 31 సంగతి మీ ఆఫీసులో ఎవరికీ తెలీదు కాబట్టి సరిపోయింది.

అలాగని మన దగ్గర పంతుళ్ళకి ఇవ్వడం తప్పెప్పుడూ కాదు. మా తాత చెప్పేవాడు, వీధి బడి రోజుల్లో పంతులుకి నెల జీతమని గట్టిగా ఉండేది కాదు. దసరా వస్తే పిల్లలు విల్లంబులు పట్టుకుని, రంగు పొడులు చల్లుకుంటూ ఇంటింటికీ తిరిగేవాళ్ళు, అయ్యవారికి వరహాలు, మాకు పప్పుబెల్లాలు అని పాడుకుంటూ. ఆ వచ్చిందే ఆయన ఏడాది తిండిలో ఒక భాగం. దాని పేరు దసరా మామూలు. ఎవరెంత వేశారో వీధంతా చూసేది, అదీ నిజమే. కాకపోతే అప్పుడు వేసేవాళ్ళు ఆయన బతకాలని వేసేవాళ్ళు. మాట గమనించావా? మామూలంటే ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు మామూలంటే బల్ల కింద చెయ్యి. మాట అదే, చెయ్యే కిందకి దిగిపోయింది.

గవర్నమెంటు టీచర్లకయితే 1964 నాటి ప్రవర్తన నియమావళి ఉంది, కానుకల దగ్గర కట్టడి పెడుతుంది. ఎంతమంది పాటిస్తారనేది వేరే కథ. ప్రైవేటు వాళ్ళకి యాజమాన్యం ఎంత చెప్తే అంత.

శ్రీకాకుళంలో మా మరదలు ప్రైవేటు స్కూల్లోనే చెప్తోంది, ఏడు రోడ్ల జంక్షనుకి దగ్గర్లో ఇల్లు. మొన్న కార్తీక సోమవారానికి వచ్చినప్పుడు అడిగాను. "బావా, మా ఇంట్లో ఆరు గోడగడియారాలున్నాయి, ఏ రెండూ ఒక టైము చూపించవు" అంది. కాఫీ కప్పులకయితే లెక్కే లేదట. నవ్వాం. నవ్వాక ఆ పిల్ల అన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది. "గిఫ్టు ఇచ్చిన పిల్లాడిని తిట్టాలంటే నోరు రాదు బావా. ఇవ్వనివాడిని తిట్టాలన్నా రాదు, ఇవ్వలేదని తిడుతున్నాననుకుంటారేమోనని. ఎవర్నీ తిట్టకుండా ఎక్కాలెలా చెప్పను?" అంది. ఇచ్చేవాళ్ళ టెన్షనే మనం చూస్తున్నాం. తీసుకునేవాళ్ళకి ఇంత ఉందని నాకు తట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. 2020లో లాక్‌డౌన్ అప్పుడు వాళ్ళకి నాలుగు నెలలు జీతాల్లేవు. అప్పుడొక తల్లి, వాళ్ళబ్బాయి ఈవిడ క్లాసు దాటి వెళ్ళిపోయి రెండేళ్ళయింది, పాతిక కేజీల బియ్యం బస్తా పంపింది. పండగ కాదు, పరీక్షలు లేవు, బడే లేదు. ఆ బస్తా గురించి చెప్తూ మా మరదలు గొంతు సవరించుకుని టీవీ సౌండు పెంచింది. మేమూ వార్తలు చూశాం.

ఇప్పుడు నీ దగ్గరికొస్తాను. మీ మసాచుసెట్స్ రూలు నువ్వే చెప్పావు కదా, గవర్నమెంటు బడి టీచరు ఒక్కరి దగ్గర్నుంచి 50 డాలర్లో ఆ పైనో విలువైనది తీసుకోకూడదు, క్లాసంతా కలిసి ఇస్తే ఏడాదికి 150 దాకా పరవాలేదు, కానీ ఎవరెవరు ఎంతెంత వేశారో టీచరుకి తెలియకూడదని. నువ్వు డాలర్ల దగ్గర ఆగిపోయావు, ఇండియా లెక్కలో ఎంతవుతుందా అని. నాకు ఆ చివరి ముక్క నచ్చిందిరా. అది రాసినవాడెవడో గానీ మా వాట్సాప్ గ్రూపు చూసినట్టే రాశాడు. చీర తప్పు కాదు. ఆ పచ్చ టిక్కులూ, ఆ కార్డూ తప్పు. హుండీలో వేసినట్టు వేస్తే, వేసినవాడెవడో, వెయ్యనివాడెవడో అమ్మవారికి తప్ప తెలీదు. మన పైడితల్లమ్మ పండగలో పూజారిగారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను, ఆ సిరిమానుకి అరటిపళ్ళు విసురుతాం చూడు, ఎవడి పండు తగిలిందో పైన కూర్చున్న పూజారిగారికి తెలుస్తుందా?

కాబట్టి ఆ ఈమెయిలావిడ కవరు పంపితే నీకు తోచింది వేసెయ్, పేరు రాయకు. ఎవరెవరు వేశారో అందరికీ మళ్ళీ ఈమెయిల్ పెట్టొద్దని ఆవిడతో ఒక్క ముక్క చెప్పు. నీకు మొహమాటమయితే మా చెల్లెమ్మ చెప్తుంది, తనకి ధైర్యం ఎక్కువ. మీ పాపని మాత్రం కూర్చోబెట్టి నాలుగు లైన్లు రాయించు టీచరుకి, తప్పులు దిద్దకుండా.

నేను? జనవరి 1కి కేకూ డైరీ అని గ్రూపులో మళ్ళీ మొదలైంది. ఈసారి లిస్టు పెట్టొద్దు, కొట్లో ఒక డబ్బా పెడతాను, వెయ్యాలనుకున్నవాళ్ళు వెయ్యండి అని రాశాను. ముగ్గురు బొటనవేళ్ళు చూపించారు. లిస్టావిడ "ఎవరు వేశారో ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. జవాబు ఇంకా ఇవ్వలేదు. ఆటో ఆయన్ని మళ్ళీ గ్రూపులో చేర్చమని కూడా అడగాలి, ఎలా అడగాలో తెలియడం లేదు.

అమ్మకి ఈ గొడవేదీ పట్టదు. పోయిన సంక్రాంతికి చెప్పకుండా చెయ్యకుండా స్టీలు డబ్బాలో అరిసెలు పెట్టి టీచరుకి పంపేసింది. నేను విసుక్కున్నాను. సెలవులయ్యాక డబ్బా తిరిగొచ్చింది. మూత తీస్తే నాలుగు జామకాయలు, ఆకులతో సహా. ఆ అమ్మాయిది బొబ్బిలి వైపు, ఇక్కడ అద్దె గదిలో ఉంటోంది, ఆ పెరట్లో జామచెట్టుందట. "ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని తెలిసిన పిల్ల" అని అమ్మ మురిసిపోయింది. నేను ఇంకేం మాట్లాడను? జామకాయ తిన్నాను.

ఈ ఏడు కూడా వండుతుందట. మోకాళ్ళు బాలేదు, అరిసెలు ఒత్తడానికి మనిషి కావాలంటే, ఆటో ఆయన భార్య వస్తానందట. వాళ్ళిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలీదు. పాకం చూసేది అమ్మ, ఒత్తేది ఆవిడ, బియ్యం మావి, బెల్లం సగం వాళ్ళు తెస్తారట. డబ్బా ఎవరి పేరున వెళ్తుందని అమ్మని అడిగాను. "డబ్బాకి పేరేటిరా" అంది.

మీ ఇంటి వైపు మొన్న ఆదివారం వెళ్ళాను. మీ నాన్న బావున్నాడు, బీపీ మాత్రలు వేసుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది, ఆయన వేసుకోవడం లేదని సైగ చేశాడు. 2014లో హుద్‌హుద్‌ తుపానుకి సగం విరిగిన పనసచెట్టు పక్కకి పెద్ద కొమ్మే వేసింది. సంక్రాంతికి పిందెలు పడతాయన్నాడు. వేసవిలో వస్తానన్నావు కదా, టికెట్టు తియ్యి. ఈసారి కోసేది నువ్వే, చేతులకి నూనె మాత్రం నేను రాస్తాను.

నీ,
మేష్టారి అబ్బాయి