చౌడు నేలలన్నిటికీ జిప్సం మందు కాదు

సంపాదకులకు,

చౌడు అనగానే జిప్సం చల్లమనడం పరిపాటి. నేల తత్వం చూడకుండా ఇచ్చే ఈ సలహా కొన్నిచోట్ల శుద్ధ దండుగ. ఆరినప్పుడు పైన తెల్లని పొర కట్టే పాల చౌడులో సమస్య నీటిలో కరిగే లవణాలది. మట్టి గుజ్జు నుంచి తీసిన ద్రావణపు విద్యుత్ వాహకత (కరిగిన ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఆ నేలను ఈ కోవలో చేరుస్తారు. కారు చౌడులో ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటి, మట్టి రేణువులను అంటిపెట్టుకున్న సోడియం 15 శాతానికి మించడంతో నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తొలగించి మేలు చేసేది ఇక్కడే.

పాల చౌడును మంచినీటితో కడగాలి. అయితే కడిగిన నీరు బయటికి పోయే దారి లేకపోతే, లోతులేని భూగర్భజలం మట్టిలోని సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, ఆవిరై, ఉప్పును మళ్లీ పైనే వదులుతుంది. అందుచేత మురుగు కాలువ ముందు, నీటి తడి తరువాత. ఈ వరుస తప్పిన పొలాలే ఎక్కువ.

తేమ ఉన్నా పైరు వాడిపోవడం, మొలక అక్కడక్కడా మచ్చలుగా రావడం, పలుగుతో తవ్విన గుంటలో బూడిదరంగు మట్టి మధ్య తుప్పు చారలు కనిపించడం ఉప్పు చేరుతోందని, నీరు నిలుస్తోందని చెప్పే తొలి హెచ్చరికలు. నిర్ధారణకు మాత్రం వేరువేరు లోతుల మట్టిని, దానితోపాటు సాగునీటిని కూడా పరీక్షించాలి. నీటిని పరీక్షించకుండా వదిలేయడం మనలో చాలామంది చేసే పొరపాటు.

ఇట్లు,
ఒక రైతు