కలప ధర కూడా పేపర్లో వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పలాస జీడిపిక్కల ధర, అనకాపల్లి బెల్లం ధర, కొబ్బరి ధర పేపర్లో చూస్తూనే ఉంటాం. టేకు, పనస, వేగిస, నల్లమద్ది ఘనపుటడుగు ఎంత పలుకుతోందో మాత్రం ఎక్కడా కనపడదు. రైతుకు ఈ ధర తెలియదు కాబట్టే, ఊళ్లో చెట్టు బేరగాడు చెప్పిందే ధర అవుతోంది, అవతల టౌన్లో టేకు ప్లాట్లు, ఎర్రచందనం ప్లాట్లు అని రంగురంగుల బ్రోచర్లు పట్టుకు తిరిగేవాళ్లు చెప్పిందే లాభం అవుతోంది.

నాకు మంచి చెక్క పోగేసే అలవాటుంది. పాత ఇళ్లు విప్పుతున్నారంటే వెళ్లి ద్వారబంధాలు, దూలాలు చూసి కొంటాను. మా రేకుల షెడ్డులో పనస పలకలు, ఒక జిట్రేగి (రోజ్‌వుడ్) దుంగ, కొన్ని వేగిస ముక్కలు ఉన్నాయి. పనసను కోసిన రోజున పసుపు రంగులో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారి గోధుమ రంగుకు తిరుగుతుంది. వేగిస ముక్కను గాజు గ్లాసులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి తెల్లారి ఎండలో పెట్టి చూడండి, నీళ్లకు నీలి ఛాయ వస్తుంది. కోసిన పలకల మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చాలి, రెండు కొసలకీ మైనమో రంగో పుయ్యాలి, లేకపోతే బీటలిస్తాయి. అంగుళం మందానికి దాదాపు ఏడాది ఆరనివ్వాలంటారు. బొబ్బిలి వీణకు ఇంత పేరు రావడానికి వాటిని చేసే గొల్లపల్లి ఊరివాళ్ల చేతిపని ఎంత కారణమో, పనస చేవ, అంటే లోపలి గట్టి చెక్క, కూడా అంతే కారణం. అలాంటి కలపను ఈ జిల్లాల్లో మనం వంటచెరకు లెక్కన అమ్మేసుకుంటున్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పెద్ద పెద్ద పనస చెట్లు కూలిపోయినప్పుడు మొదళ్లు ఎంతకు పోయాయో అక్కడి రైతుల్ని అడగండి. దాచుకుని ఆరబెట్టడానికి చోటు లేదు, ధర చెప్పే నాథుడు లేడు.

ఇప్పుడు బ్రోచర్ల సంగతి. ఎకరాకు వెయ్యి టేకు మొక్కలు, పదిహేనేళ్లలో చెట్టుకింత, మొత్తం ఇన్ని కోట్లు అని కాగితం మీద గుణించి చూపిస్తారు. కలప అలా లెక్కకు రాదండీ. దుంగ చుట్టుకొలతను అడుగుల్లో కొలిచి, అందులో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. రెండడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ రెండున్నర ఘనపుటడుగులే. అదే పొడవుకు చుట్టుకొలత నాలుగడుగులైతే పది! లావు రెట్టింపైతే కలప నాలుగు రెట్లు. పైగా లేత టేకులో పై తెల్లచెక్కే ఎక్కువ, ధర పలికేది లోపలి చేవకు. వెయ్యి మొక్కలూ చివరిదాకా ఉంచితే ఒక్కటీ లావెక్కదు, మధ్యమధ్యలో చాలావాటిని తీసేయాలి, ఆ తీసేసిన సన్నవాటికి వాసాల ధరే. ఈ ముక్క ఏ బ్రోచర్లోనూ ఉండదు. కేరళలో నీలంబూరు టేకు తోటను 1840ల్లో నాటారు, అక్కడి చెట్ల లావు చూస్తే తెలుస్తుంది టేకుకు కాలం అంటే ఏమిటో.

1990ల్లో టేకు కంపెనీల్లో డబ్బు కట్టిన కుటుంబాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. మా బంధువు ఒకాయన దగ్గర ఆ బాండు కాగితాలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటి గొడవల తర్వాతే 1999లో పెట్టుబడుల మార్కెట్‌ను అదుపు చేసే సంస్థ సెబీ, ఇలా పదిమంది దగ్గరా డబ్బు పోగేసే సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. చెట్టు మీద వాటా అని, మెయింటెనెన్స్ మేమే చూస్తామని డబ్బు తీసుకునేవాణ్ణి ముందు సెబీ రిజిస్ట్రేషన్ చూపించమనండి. కొండ కింద చవగ్గా వస్తోందని చూపించే భూమి ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతంలోదైతే, గిరిజన భూముల బదిలీని ఆపే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు కొన్నా చెల్లదు. ఈసీ (భూమి మీద లావాదేవీలు చూపే కాగితం), అడంగల్ (సాగు రికార్డు) చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. సొంత పొలంలో పెంచిన టేకునైనా కొట్టి లారీ ఎక్కించాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఎర్రచందనమైతే సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న చెట్టు, ప్రభుత్వ అనుమతులు లేకుండా విదేశాలకు అమ్మడం కుదరదు.

చెట్ల మీద డబ్బు పెట్టొద్దని కాదు, పెట్టమనే చెబుతున్నాను. కానీ మీ గట్ల మీద, మీ పేరున పాసుపుస్తకం ఉన్న నేలలో పెట్టండి. నాలుగైదేళ్లలో చేతికొచ్చే సరుగుడు కొంత, మీ పిల్లలకు అందే టేకు, పనస, వేగిస కొంత. ఏ చెట్టు ఎప్పుడు నాటారో రాసి పెట్టుకోండి. బేరగాడు గుత్తకు అడిగితే టేపు తీసి చుట్టుకొలత చూశాకే మాట్లాడండి.

అయ్యా, మీ జిల్లా ఎడిషన్లో వారానికి ఒక్కసారైనా శ్రీకాకుళం, విజయనగరం అడితీల్లో (కలప దుకాణాల్లో) ఏ కలప ఎంతకు పోతోందో, లావుల వారీగా నాలుగు లైన్లు వేయండి. ప్రభుత్వ డిపోల్లో కలప వేలం ఉంటే ఆ తేదీ, పలికిన ధర కూడా వేయండి. అధికారులు కూడా తుపాను తర్వాత పంట నష్టం రాసుకునేటప్పుడు కూలిన చెట్టు కలపను కొలిచి, అమ్ముకోవడానికి రైతుకు వెంటనే పర్మిట్ ఇచ్చే ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
ఒక రైతు, బొబ్బిలి, విజయనగరం జిల్లా